ఇంజను ఆపాక వినపడే రేడియో: విశాఖ తీరంలో ఒక కేసు

ఊరి పేరు చెప్పను. విశాఖపట్నం తీరంలో ఒక జాలరి పేట అనుకోండి, చాలు. సొసైటీ పేరు, మనుషుల పేర్లు తీసేశాను. ఒకటి రెండు చోట్ల ఒకరు అన్న మాట ఇంకొకరి నోట పెట్టాను. కమ్యూనిటీ రేడియో, అంటే ఒక సంఘం తన చుట్టుపక్కలవాళ్ళ కోసం నడుపుకునే చిన్న స్టేషన్, పెట్టుకోవాలనుకునే సంఘాలకు కాగితాల పని, స్టూడియో పని చేసిపెట్టడం నా వృత్తి. నడుస్తున్న స్టేషన్ల గురించి ఇప్పటికే చాలామంది రాశారు. ఇది ఇంకా గాలిలోకి ఎక్కని స్టేషన్ కథ. ఈ రెండున్నరేళ్ళలో నేను చేసిన తప్పులే ఇందులో ఎక్కువ.

నేపథ్యం

2023 వేసవి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, అందరూ ఒడ్డునే ఉంటారు. చేపలమ్ముకునే ఆడవాళ్ళు పెట్టుకున్న సొసైటీ నుంచి కబురొచ్చింది. వెళ్ళేసరికి వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళు ఒక పక్క, ఎండుచేపల గంపల దగ్గర ఆడవాళ్ళు ఒక పక్క. అధ్యక్షురాలికి యాభై దాటి ఉంటాయి. కుశల ప్రశ్నలేమీ లేకుండా నేరుగా విషయంలోకి వచ్చింది.

"పోర్టులో మూడో నంబరు ఎగరేసినారని టీవీలో చెప్తాడు బాబూ. అప్పటికి మా ఓళ్ళు సముద్రంలో ఉంటారు. ఆళ్ళకి ఎవులు చెప్తారు? మాకో రేడియో పెట్టించు."

పక్కనున్న కుర్రాడు నవ్వాడు. "ఇంకా రేడియో ఏటమ్మా, ఎత్తేస్తన్నారంట కదా."

ఆ పేటలో హుద్‌హుద్ జ్ఞాపకం ఇంకా పచ్చిగానే ఉంది. 2014 అక్టోబర్ 12న తుపాను నేరుగా విశాఖ మీదే తీరం దాటింది. కరెంటు పోయింది, సెల్ టవర్లు పడిపోయాయి, రోజుల తరబడి ఫోన్లు మూగబోయాయి. వార్త కావలసిన రోజునే వార్త మోసేవన్నీ పడిపోతాయని వాళ్ళకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

కుర్రాడి మాటలోనూ నిజం లేకపోలేదు. 1963లో మొదలైన విశాఖ ఆకాశవాణిని ఈ తీరం 927 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్ (ఎఫ్ఎంకి ముందునాటి ప్రసార పద్ధతి) మీద విని పెరిగింది. దేశంలో చాలాచోట్ల మీడియం వేవ్ ట్రాన్స్‌మీటర్లు ఒక్కొక్కటిగా ఆగిపోతున్నాయి, ప్రభుత్వం డబ్బు ఎఫ్ఎం వైపు మళ్ళింది. 2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆకాశవాణిని, దూరదర్శన్‌ని నడిపే ప్రసార భారతికి 2,539.61 కోట్ల పథకం ఆమోదించింది. ఆకాశవాణి ఎఫ్ఎం అందే జనాభాను 68 శాతం నుంచి 80 శాతానికి పెంచడం అందులో ఒక లక్ష్యం. ఆ ఏప్రిల్‌లోనే ఒక్కరోజున 91 చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మీటర్లు ప్రారంభించారు. ఆ 80 శాతం లెక్క భూమి మీద ఉండే జనానిది. సముద్రంలో వేటకెళ్ళినవాడు అందులో ఏ గడిలోకి వస్తాడో నాకు ఎవరూ చూపించలేదు.

మొదటి తప్పు

"రేడియో పెట్టించు" అనగానే నా బుర్రలో దరఖాస్తు ఫారం తెరుచుకుంది. వృత్తి జబ్బు. సొసైటీ రిజిస్టరై ఎన్నాళ్ళైందని అడిగాను. ఏడాదిన్నర. కమ్యూనిటీ రేడియోకి స్వచ్ఛంద సంస్థ దరఖాస్తు చేయాలంటే రిజిస్టరై కనీసం 3 ఏళ్ళు నిండాలి, ఆ మూడేళ్ళూ సేవ చేసిన దాఖలా ఉండాలి. అంటే ఇంకో ఏడాదిన్నర ఆగాలి.

ఆగడానికి వాళ్ళు సిద్ధంగా లేరు. నాకు రెండు దారులు కనిపించాయి. ఒకటి, లైసెన్సుకు అర్హత ఉన్న పెద్ద సంస్థ పేరు మీద దరఖాస్తు చేసి పని వీళ్ళ చేత చేయించడం. అలాంటి సంస్థ ఒకటి ముందుకొచ్చింది కూడా. వద్దన్నాను. అనుమతి పత్రం ఎవరి పేరున ఉంటే ఫ్రీక్వెన్సీ వాళ్ళదే. రేపు తేడా వస్తే ఈ ఆడవాళ్ళు తమ సొంత గొంతుకే అద్దెదారులవుతారు. జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008 నుంచి నడుస్తున్న సంగం రేడియో ఈ విషయంలో నాకెప్పుడూ గుర్తొస్తుంది. అక్కడ అనుమతి ఒక స్వచ్ఛంద సంస్థ పేరునే ఉన్నా, రేడియో కంటే ఎన్నో ఏళ్ళ ముందు నుంచే ఊరూరా మహిళా సంఘాలున్నాయి. ఇక్కడ మేం సంఘం కంటే ముందు రేడియో పెట్టబోతున్నాం.

రెండో దారి ఇంటర్నెట్ రేడియో. అనుమతుల గొడవ లేదు, ఖర్చు తక్కువ, వారంలో మొదలైపోతుంది. ఆ దారే పట్టాను. పట్టేముందు పేటలో ఇంటింటికీ తిరిగి "మీ ఇంట్లో రేడియో ఉందా?" అని అడిగించాం. దాదాపు అందరూ లేదన్నారు. స్మార్ట్‌ఫోన్ ఉందా అంటే ఉందన్నారు. ఇంకేం, యాప్ చాలనుకున్నాం.

ప్రశ్నే తప్పు. రేడియో అంటే వాళ్ళ లెక్కలో తాత దగ్గరుండే బ్యాటరీ సెట్టు. పడవలోకి జేబులో పెట్టుకెళ్ళే కీప్యాడ్ ఫోన్‌లో ఎఫ్ఎం ఉంది, రాత్రుళ్ళు దాంట్లో పాటలు వింటారు, కానీ దాన్ని ఎవరూ రేడియో అనరు, "పాటలు" అంటారు. స్మార్ట్‌ఫోన్ తడిసిపోతుందని ఇంట్లో పెట్టి వెళ్తారు. మేం యాప్ చేసింది ఇంట్లో ఉండిపోయే ఫోన్ కోసం!

నిషేధం అయ్యాక మూడు నెలలు నడిపాం. ఒడ్డున బాగానే వినపడింది, భార్యలు విన్నారు, పిల్లలు విన్నారు. పడవ కాస్త లోపలికి పోగానే సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి. ఒక పెద్దాయన తేల్చేశాడు: "ఏటి బాబూ, నీ రేడియో ఒడ్డునే పాడతాది. మాకు భయమేసేది అక్కడ కాదు కదా." యాప్ మూసేశాం.

రెండో ప్రయత్నం

నగరంలో ప్రైవేటు ఎఫ్ఎంలు ఉన్నాయి, వాటి పవర్ ఎక్కువ, సముద్రం మీదికీ పోతుంది. వాటిలో ఐదు నిమిషాలు కొంటే? ఇక్కడ విధానం ఏమంటుందో చూడాలి. ప్రైవేటు ఎఫ్ఎం సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తల్ని ఉన్నవున్నట్టు మళ్ళీ వేసుకోవచ్చు, అంతే. గంటకు పది నిమిషాలు సొంత వార్తలకు అనుమతించమని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023 సెప్టెంబర్‌లో సిఫార్సు చేసింది గానీ, సిఫార్సు సిఫార్సే. అయితే ప్రైవేటు ఎఫ్ఎంల విస్తరణకు వచ్చిన 2011 నాటి మూడో దశ మార్గదర్శకాల్లోనే ఒక మంచి వెసులుబాటు ఉంది: వాతావరణం, ట్రాఫిక్, స్థానిక యంత్రాంగం ఇచ్చే విపత్తు హెచ్చరికలు, కరెంటు, నీళ్ళ ప్రకటనలు వార్తల కిందికి రావు. మా పని పూర్తిగా ఆ గీతకు ఇవతలే ఉంది.

ఒక స్టేషన్ ఒప్పుకుంది. వాళ్ళ పేరు అనవసరం, మర్యాదగానే మాట్లాడారు. తెల్లవారుజామున ఇస్తామన్న స్లాటు రెండు వారాల్లో ఉదయం 7 దాటాక జరిగింది, తర్వాత పండగ ప్రకటనల మధ్య కనిపించకుండా పోయింది. వాళ్ళను తప్పుపట్టలేను. లైసెన్సు ఫీజు కట్టి వ్యాపారం చేసుకునేవాళ్ళు, ఆ వేళకు వినేది ఎవరో చూసుకుంటారు. మా శ్రోత వాళ్ళ లెక్కలోకి రాడు.

పడవ మీద ఒక రోజు

రెండుసార్లు దెబ్బతిన్నాక, మొదటే చేయాల్సిన పని చేశాను: పడవెక్కాను. లైసెన్సు లేకుండా పరీక్ష కోసమైనా ట్రాన్స్‌మీటర్ వాడడం నేరం, కాబట్టి మా సిగ్నల్ ఎంత దూరం పోతుందో కొలిచే వీల్లేదు. ఉన్న స్టేషన్లు ఎక్కడిదాకా వినపడతాయో చూడొచ్చు. ఒక కీప్యాడ్ ఫోన్, ఒక స్మార్ట్‌ఫోన్, మీడియం వేవ్ ఉన్న చిన్న బ్యాటరీ సెట్టు పట్టుకుని తెల్లవారుజామున మూడింటికి ఫైబర్ బోటులో బయల్దేరాం.

స్మార్ట్‌ఫోన్ సంగతి ఒడ్డునే తేలిపోయింది. అందులో ఎఫ్ఎం లేదు. ఇయర్‌ఫోన్ గుచ్చే రంధ్రమూ లేదు. చాలా ఫోన్లలో ఆ వైరే ఎఫ్ఎంకి యాంటెన్నా. ఫోన్లలో ఎఫ్ఎం తీసేయొద్దని కేంద్రం 2023లోనే తయారీదారులకు సూచన పంపింది. సూచనకీ షరతుకీ ఎంత తేడా ఉందో ఆ ఫోన్ చేతిలో పట్టుకుంటే తెలిసింది.

కీప్యాడ్ ఫోన్‌లో 102 మీద ఆకాశవాణి రెయిన్‌బో ఒడ్డు దగ్గర గట్టిగానే వచ్చింది. కానీ ఇంజను నడుస్తున్నంతసేపూ ఏ స్టేషన్ అయినా ఒకటే: వినపడదు. సిగ్నల్ లేక కాదు, మోత వల్ల. పక్కవాడితో మాట్లాడాలన్నా చేతులతోనే. వల దించి ఇంజను ఆపారు. అప్పుడొచ్చింది నిశ్శబ్దం. పడవ నడిపే సరంగు బీడీ వెలిగించి, ఫోన్ తీసి, ఇయర్‌ఫోన్ వైరును గెడకు రెండు చుట్లు చుట్టి పాటలు పెట్టాడు. మళ్ళీ వల లాగేదాకా అదే వాళ్ళు వినే సమయం. ఇంతకాలం మేం బులెటిన్ పెట్టిందంతా వాళ్ళు ఇంజను మోతలో ఉన్నప్పుడే.

అదే పడవలో ఉన్న ముసలాయన నా చేతిలోంచి బ్యాటరీ సెట్టు తీసుకుని మీడియం వేవ్ పెట్టాడు. గరగర మధ్య విశాఖ కేంద్రం. సెట్టును అడ్డంగా పట్టుకుని మెల్లగా గుండ్రంగా తిప్పాడు. ఒకచోట గొంతు బాగా సన్నగిల్లింది. అక్కడ ఆపి, సెట్టు పొడుగు చూపిస్తున్న వైపు గడ్డం ఎగరేశాడు. "అటే మనూరు." జీపీఎస్ రాకముందు మంచు కమ్మిన రోజుల్లో అలాగే ఒడ్డు చేరేవారట. సెట్టులో ఉండే ఫెర్రైట్ కడ్డీ కొన ట్రాన్స్‌మీటర్ వైపు తిరిగితే ధ్వని తగ్గుతుందని నేను చదువుకున్నాను. ఆయన చదవకుండా వాడుకున్నాడు. మీడియం వేవ్ మూసేటప్పుడు వేసే ఖర్చు–లాభం లెక్కలో ఇలాంటి వాడకానికి గడి ఉండదు.

ఈ కేసులో నా ఆలోచన మలుపు తిరిగింది ఇక్కడే. మన రేడియో విధానాలన్నీ ట్రాన్స్‌మీటర్ వైపు నుంచి రాస్తారు: ఎన్ని కిలోవాట్లు, ఎన్ని నగరాలు, ఎంత రిజర్వు ధర (వేలంలో కనీస ధర). 2024 ఆగస్టులో మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఛానెళ్ళ వేలానికి ఒప్పుకున్నప్పుడూ అదే లెక్క. మేం దాన్ని రిసీవర్ వైపు నుంచి చదవడం మొదలుపెట్టాం. చేతిలో ఏముంది, ఎప్పుడు చెవి ఖాళీగా ఉంటుంది, అప్పుడు గాలిలో ఏముంది. ఈ మూడూ రాసుకున్నాకే దరఖాస్తు ఫారం తీశాను.

డిజిటల్ వాదన

ఈలోగా సొసైటీకి మూడేళ్ళు నిండిపోయాయి. పేటలో ఇంజనీరింగ్ చదివిన అబ్బాయి ఒకడు కమిటీలో అడ్డం తిరిగాడు. "డిజిటల్ రేడియో వస్తందండి. ఇప్పుడు ఎఫ్ఎం ట్రాన్స్‌మీటర్ కొంటే రేపు తుక్కే." అతను చెప్పింది కొట్టిపారేసే మాట కాదు. ఆకాశవాణి డీఆర్‌ఎం అనే డిజిటల్ ప్రసార పద్ధతిలో ట్రాన్స్‌మీటర్లు పెట్టి చాలా ఏళ్ళైంది. ఆ పద్ధతిలో అత్యవసర హెచ్చరిక వస్తే రిసీవర్ తనంతట తానే ఆ ఛానెల్‌కి మారి, తెర మీద అక్షరాలు కూడా చూపించగలదు. తుపాను తీరానికి అంతకంటే ఏం కావాలి?

రెండు సమావేశాలు దీనికే పోయాయి. నా వాదన రెండు ముక్కలు. ఒకటి, 2025 అక్టోబర్‌లో ట్రాయ్ ప్రైవేటు డిజిటల్ రేడియోకి ఇచ్చిన సిఫార్సులు 13 పెద్ద నగరాలతో మొదలవుతాయి. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై. ఆ తర్వాత హైదరాబాద్, బెంగళూరు వగైరా తొమ్మిది. విశాఖ ఆ జాబితాలో లేదు. పైగా అందులో చెప్పింది ఉన్న అనలాగ్ (ఇప్పటి ఎఫ్ఎం) పక్కనే డిజిటల్ ఛానెళ్ళు కలిపి వేయమని, ఎఫ్ఎం తీసేయమని కాదు. ప్రభుత్వ నిర్ణయం కూడా కాదు. రెండోది, "నీ డిజిటల్ సెట్టు ఏ కొట్లో దొరుకుతుంది, ఎంతకి?" అని అడిగాను. అబ్బాయి ఫోన్‌లో వెతికాడు. దొరికిన ధర చదివి వినిపించాక ఎవరూ ఏమీ అనలేదు. ఒక ముసలమ్మ మాత్రం "ఆ డబ్బుకి వల వచ్చీదిరా" అంది.

అయినా అతని మాటలో సగం ఉంచుకున్నాం. స్టూడియో సామాను ఏ ప్రసార పద్ధతికైనా పనికొచ్చేలా కొన్నాం. ట్రాన్స్‌మీటర్‌కి మాత్రం అప్పు చేయొద్దని తీర్మానం రాసుకున్నాం. భవిష్యత్తు తెలియనప్పుడు మార్చలేని వస్తువు మీద తక్కువ, మార్చుకోగలిగేదాని మీద ఎక్కువ పెట్టడమే నాకు తెలిసిన పద్ధతి.

స్థలం, డబ్బు

కమ్యూనిటీ రేడియోకి పవర్ సాధారణంగా 100 వాట్లు మించకూడదు, యాంటెన్నా 30 మీటర్లు దాటకూడదు. మామూలుగా ఐదు నుంచి పది కిలోమీటర్లు అందుతుందంటారు. మొదట చూసిన మేడ పేటకు నడుమ ఉంది, ఉచితం కూడా. కానీ ఎఫ్ఎం చూపున్నంత మేరే పోయే తరంగం, ఆ మేడకీ సముద్రంలో వీళ్ళు ఎక్కువగా వేటాడే దిక్కుకీ మధ్య కొండ భుజం అడ్డం. విశాఖలో ఇది మామూలు తంటా. కైలాసగిరి, డాల్ఫిన్స్ నోస్, సింహాచలం కొండలు చూడ్డానికి అందమే గానీ ఎఫ్ఎంకి గోడలు. సముద్రం నేరుగా కనిపించే రెండో స్థలం ఒడ్డునే ఉంది. ఉప్పుగాలికి మాస్టు తుప్పు పట్టడం ఖాయమనీ, ఏటా రంగు ఖర్చుంటుందనీ ముందే చెప్పాను. దాన్నే ఎంచుకున్నాం. తూర్పు నౌకాదళ కేంద్రం, నౌకాదళ విమానాశ్రయం ఉన్న ఊరు కాబట్టి స్థల అనుమతిలో రక్షణ శాఖ మాట ముఖ్యం. అందుకని అక్షాంశ రేఖాంశాలు రెండుసార్లు కొలిపించాం.

డబ్బు దగ్గర ఒక భ్రమ తొలగించాల్సి వచ్చింది. 2024 ఫిబ్రవరి మార్గదర్శకాలు కమ్యూనిటీ రేడియోకి గంటకు 12 నిమిషాల ప్రకటనలకు ఒప్పుకున్నాయి, ప్రభుత్వ ప్రకటనల రేటు 10 సెకన్లకు 52 నుంచి 74 రూపాయలైంది. కోశాధికారి వెంటనే లెక్క కట్టింది: గంటకు 72 ముక్కలు, 5,328 రూపాయలు, రోజుకు ఎనిమిది గంటలు... అక్కడే ఆపాను. అది గంట నిండా ప్రకటనలు దొరికితే వచ్చే డబ్బు. ఏ స్టేషన్‌కీ అలా దొరకగా నేను చూడలేదు. ప్రకటనల ఆదాయం సున్నా అనుకుని నడపగలమా అన్నదే నా ప్రశ్న. చేపల వేలం పాట దగ్గర గంపకు ఇంత అని చందా తీసుకోవాలని వాళ్ళే నిర్ణయించుకున్నారు. ఎంతన్నది వాళ్ళ సొంత విషయం.

ఏది పనిచేసింది

లైసెన్సు రాకముందే పని మొదలుపెట్టడం. పడవలు బయల్దేరే ముందు, రాత్రి రెండున్నరకి, రామమందిరం మైకులో మూడు నిమిషాల బులెటిన్. దీనికి రేడియో అనుమతి అక్కర్లేదు. పేట పెద్దలు, పోలీసు స్టేషన్ ఒప్పుకున్నారు. విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం ఇచ్చిన మాటను సొసైటీ అమ్మాయిలు పేట భాషలోకి మార్చి చదువుతారు. సొంత జోస్యం ఒక్క ముక్క కూడా కలపకూడదన్నది మేం పెట్టుకున్న కట్టుబాటు. మొదటి నెల "గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు" అని కాగితం మీద ఉన్నట్టే చదివారు. ఎవరికీ ఎక్కలేదు. తర్వాత "చిన్న పడవలు పోవద్దు, పోయినోళ్ళు ఒడ్డు కనపడేంత దూరంలోనే ఉండండి" అని ముందు చెప్పి, అంకెలు వెనక చెప్పారు. అప్పటినుంచి బులెటిన్ అయ్యేదాకా ఇంజను తాడు లాగకుండా ఆగడం చూశాను.

రెండోది, సెట్టు అలవాటు. పడవకొక బ్యాటరీ సెట్టు, జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో. వల దించాక ఆకాశవాణి పెట్టుకోవడం. అక్కడ దొరికే వాతావరణ వివరం మా పేటకు సరిపడా ఉండదు గానీ, చెవి ఆ వేళకు అలవాటు పడుతుంది. మన స్టేషన్ వచ్చిన రోజున ఆ వేళే మన వేళ. తమిళనాడులోని పాంబన్‌లో జాలర్ల కోసం నడిచే కడల్ ఓసై 90.4 గురించి చెప్పినప్పుడు, అక్కడివాళ్ళు ఏ వేళకు వింటారని అధ్యక్షురాలు అడిగిన మొదటి ప్రశ్న నాకు ముచ్చటేసింది. ఏడాది కిందటైతే ఆ ప్రశ్న నాకే తట్టేది కాదు.

ఒక చిక్కు తేలకుండా ఉంది. పడవ తిరిగి రాకపోతే ఆ మాట మైకులో చెప్పొచ్చు. రేపు రేడియోలో చెబితే అది వార్తా, ప్రకటనా? మత్స్యశాఖో పోలీసులో చెప్పాక వాళ్ళ మాటగా చదివితే మార్గదర్శకాల లోపలే ఉంటామని నా అభిప్రాయం. "వాళ్ళు చెప్పేదాకా ఆగమంటావా?" అని ఒక తల్లి అడిగింది. రేడియోలో ఆగుదాం, మైకు మన చేతిలోనే ఉందిగా అన్నాను. నాకే సంతృప్తినివ్వని జవాబు. స్టేషన్ వచ్చినా మైకు తీసేయొద్దని మినిట్స్ పుస్తకంలో రాయించడానికి కారణం అదే.

ఇలాంటి కేసు మళ్ళీ నా దగ్గరికొస్తే మొదటి నెల దరఖాస్తు ఊసెత్తను. "రేడియో ఉందా" అని అడగను, "రాత్రి దేంట్లో పాటలు వింటారు" అని అడుగుతాను. యాప్ మీద పోగొట్టిన మూడు నెలలూ పడవ మీద గడుపుతాను.

ఇప్పుడు

మూడేళ్ళు నిండాక సొసైటీ సొంత పేరు మీదే దరఖాస్తు పెట్టాం. ఫైలు ఢిల్లీలో ఉంది. ముందు శాఖల అభిప్రాయాలు, ఆ తర్వాత సమ్మతి పత్రం, ఫ్రీక్వెన్సీ, స్థల అనుమతి, ఒప్పందం, చివర ఆపరేటింగ్ లైసెన్సు. మాస్టుకి గుంత తవ్వేద్దామని కుర్రాళ్ళు రెండుసార్లు గునపాలతో బయల్దేరారు. స్థల అనుమతి రాకుండా తవ్వొద్దని నేనే ఆపాను. ముగ్గు పోసి గుర్తుపెట్టిన ఆ చోట ప్రస్తుతం వలలు ఆరేస్తున్నారు. డిజిటల్ అన్న అబ్బాయే ఇప్పుడు రాత్రి రెండున్నరకి మైకు ఆన్ చేస్తున్నాడు.